ఒకే మోడల్ ఎయిర్ రైఫిల్: ఒకటి ఆన్‌లైన్‌లో, ఒకటి ఆబిడ్స్ షాపులో

మా ఇంట్లో ఇప్పుడు రెండు ఎయిర్ రైఫిళ్లున్నాయి. కంపెనీ ఒకటే, మోడల్ ఒకటే, రెండూ మన దేశంలో తయారైనవే. మొదటిది మా అమ్మాయిది, ఆన్‌లైన్‌లో తెప్పించాం. రెండోది మా తమ్ముడి కూతురిది, ఆబిడ్స్ వైపు ఉన్న ఒక పాత తుపాకుల షాపులో కొన్నాం. నాకు బాలానగర్‌లో చిన్న లేత్ షాపు ఉంది. ఫిట్టింగ్, స్క్రూ బిగింపు, కొలతలు నా రోజువారీ పని. అందుకే రెండింటినీ బెంచీ మీద పక్కపక్కన పెట్టి, వర్నియర్ పట్టుకుని చూశాను. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పతకం తెచ్చినప్పటి నుంచి మన హైదరాబాద్‌లో ఈ ఆట మీద ఆశ పెట్టుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు. 2022లో జరిగిన డెఫ్‌లింపిక్స్‌లో (బధిరుల ఒలింపిక్స్) మన ధనుష్ శ్రీకాంత్ స్వర్ణం గెలిచిందీ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. పిల్లలకి రైఫిల్ ఎక్కడ కొనాలని తెలిసినవాళ్లు అడుగుతున్నారు. నా మాట ముందే చెప్పేస్తాను: మొదటి రైఫిల్ మాత్రం షాపులోనే, పిల్లని వెంటబెట్టుకుని వెళ్లి కొనండి.

ముందు చట్టం సంగతి. 2016 ఆయుధ నియమాల ప్రకారం, బోరు (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, పెల్లెట్ (అందులో వేసే చిన్న గుండు) శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉన్న ఎయిర్ రైఫిల్ కొనుక్కోవడానికి లైసెన్స్ అక్కర్లేదు. ఆ హద్దు దాటితే లైసెన్స్ కావాలి. మందుగుండుతో పేలే రైఫిల్ అయితే, అది చిన్న .22 బోరుదైనా సరే, లైసెన్స్ లేకుండా కొనకూడదు. నేను మాట్లాడేది మొదటి రకం గురించే. మాకు ఆన్‌లైన్ వాళ్లూ, షాపాయనా ఇద్దరూ ఆధార్ కాపీ తీసుకున్నారు. అలా అడగడమే మంచిది.

ఆన్‌లైన్‌లో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది వేగం లెక్క. ప్రతి మోడల్ కిందా పెద్ద అక్షరాల్లో సెకనుకు ఇన్ని అడుగులని రాస్తారు. ఏ పెల్లెట్‌తో కొలిచారో రాయరు. తేలిక పెల్లెట్ వేస్తే అంకె పెరుగుతుంది, బరువైనది వేస్తే తగ్గుతుంది. శక్తి అంటే బరువులో సగాన్ని వేగంతో రెండుసార్లు గుణించడం, మనం బడిలో చదివిందే. మ్యాచ్‌లలో వాడే 0.53 గ్రాముల పెల్లెట్ తీసుకోండి. అది సెకనుకు 275 మీటర్ల వేగంతో, అంటే 900 అడుగుల పైచిలుకుతో వెళితే సరిగ్గా 20 జౌళ్ల దగ్గర నిలుస్తుంది. అదే పెల్లెట్ వెయ్యి అడుగుల వేగంతో వెళితే 24 జౌళ్లు దాటిపోతుంది. అంటే ఆ ప్రకటన నిజమైతే ఆ రైఫిల్‌కి లైసెన్స్ కావాలి, అబద్ధమైతే ప్రకటనే తప్పు. ఏ పెల్లెట్‌తో కొలిచారని నేను ఫోన్ చేసి అడిగితే, అవతల మాట్లాడిన అబ్బాయికి ఆ ప్రశ్నే కొత్తగా ఉంది.

నిజానికి ఈ ఆటకి అంత వేగం అవసరమే లేదు. ఒలింపిక్స్‌లో వాడే జర్మన్ రైఫిళ్లు కూడా పెల్లెట్‌ని సుమారు 175 మీటర్ల వేగంతోనే పంపుతాయి. లెక్క కడితే అది 8 జౌళ్లు. పది మీటర్ల దూరంలో ఉన్న కాగితానికి చిల్లు పెట్టడానికి అది చాలు. మావి గొట్టం వంచి లోపలి స్ప్రింగ్‌ని ఎక్కుపెట్టే రకం. వేగం ఎక్కువున్న స్ప్రింగ్ రైఫిల్ గట్టిగా కుదుపుతుంది, వంచి ఎక్కుపెట్టడానికి ఎక్కువ బలం కావాలి. పద్నాలుగేళ్ల పిల్ల సాయంత్రమంతా ఆ గొట్టం వంచుతూ కూర్చుంటే గురి మీదికి కాదు, భుజం నొప్పి మీదికి పోతుంది ధ్యాస. ఇది ఏ ప్రకటనలోనూ ఉండదు.

ఆన్‌లైన్‌లో వచ్చిన రైఫిల్ ప్యాకింగ్ బాగానే ఉంది. థర్మాకోల్ గట్టిగా పెట్టారు, డబ్బా మూల ఒక్కటే నలిగింది. కానీ చెక్క స్టాక్‌ని (చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం) పట్టి ఉంచే ముందు స్క్రూలు రెండూ వదులుగా ఉన్నాయి. స్ప్రింగ్ రైఫిల్ తత్వమే అంత. పిస్టన్ ముందుకి దూకుతుంది, వెనక్కి కొడుతుంది, ఆ రెండు కుదుపులకీ స్క్రూలు సడలుతాయి. దాన్ని నేను బిగించుకోగలను. వెనక ఉండే పీప్ సైట్ (గురి చూసే చిన్న రంధ్రం) సంగతి వేరు. తిప్పితే క్లిక్ వినపడుతోంది గానీ పక్కకి జరగడం లేదు. మేం అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే వీడియో తీసి పంపమన్నారు, పంపాం. మొత్తం రైఫిల్ వెనక్కి పంపమన్నారు, కొరియర్ ఖర్చు మాదేనన్నారు. ఆపైన అసలు సమస్య ఇంకోటి బయటపడింది: రైఫిల్లాంటి సరుకు మామూలు మనిషి పట్టుకెళ్తే తీసుకోం అని మా దగ్గర్లోని కొరియర్ ఆఫీసు వాళ్లు చెప్పేశారు. అమ్మేవాళ్లకి పంపే ఏర్పాటు ఉంది, కొన్నవాళ్లకి తిరిగి పంపే దారి లేదు. చివరికి సైట్ ఒక్కదాన్నే విప్పి పంపాం, కొత్తది వచ్చేసరికి వేసవి సెలవులు అయిపోయాయి. పిల్ల అన్ని రోజులూ ఆ రైఫిల్‌ని తుడిచి మళ్లీ కేసులో పెట్టుకుంది. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఇక షాపు. మొదట నేనూ తమ్ముడూ ఇద్దరమే వెళ్లాం. కౌంటర్ వెనక కూర్చున్న పెద్దాయన మా మాట మొత్తం విని, "పాపకేనా? అయితే పాపని తీస్కరండి సార్. చేతిలో పెట్టి చూడకుండా ఎట్ల ఇయ్యాలె?" అన్నాడు. డబ్బు జేబులో పెట్టుకుని వచ్చిన గిరాకీని అలా వెనక్కి పంపించాడు. ఇంకో మాట కూడా అడిగాడు, దేనికి వాడతారని. పిట్టల్ని కొట్టడానికైతే అమ్మనన్నాడు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుందని తమ్ముడికి అర్థమయ్యేలా చెప్పాడు. ఆన్‌లైన్‌లో మమ్మల్ని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

పిల్లతో వెళ్లినప్పుడు ఆయన చేసిన పని నాకు చాలా నచ్చింది. అదే మోడల్‌వి డబ్బాల్లోంచి మూడు బయటికి తీయించాడు. "బేటీ, కళ్లు మూసుకుని భుజానికి ఆనించు, ఇప్పుడు కళ్లు తెరువు, సైట్‌లోంచి ఏం కనపడుతోంది?" అన్నాడు. పిల్ల మెడ చాచి వెతుక్కుంటోంది. బట్ (స్టాక్ వెనక చివర, భుజానికి ఆనేది) పొడవైందని అర్థం. చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి చూసినట్టే ఇదీ. బట్ చివరి రబ్బరు ప్లేటు కింద ఉన్న స్పేసర్లు (పొడవు పెంచే పలకలు) రెండు తీయించి మళ్లీ ఆనించమన్నాడు. ఈసారి కన్ను నేరుగా సైట్ రంధ్రం ఎదురుగా వచ్చింది. మా అమ్మాయి రైఫిల్‌కీ అవే స్పేసర్లున్నాయి. అవి తీయొచ్చని పుస్తకంలో ఒక చిన్న బొమ్మ వేసి వదిలేశారు, అంతే.

ఆ తర్వాత మూడు రైఫిళ్లనీ ఒక్కొక్కటిగా వంచి చూశాను. ఒకదాని గొట్టం జాయింటు దగ్గర కొద్దిగా పక్కకి ఆడుతోంది. వెలుతురుకి ఎదురుగా పెట్టి మూతి చూస్తే ఇంకోదాని అంచున చిన్న బర్ (పొడుచుకొచ్చిన లోహపు ముక్క) ఉంది. గొట్టం మూతి అంచు చుట్టూ సమానంగా లేకపోతే, పెల్లెట్ బయటికి వచ్చే క్షణంలో గాలి ఒక పక్కనుంచి ముందే తప్పించుకుని దాన్ని తోసేస్తుంది. మేం మూడోది తీసుకున్నాం. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే మోడల్‌లో ఇంత తేడా ఉంటుందా అంటే ఉంటుంది. నా లేత్ మీద రోజూ చూస్తూనే ఉంటాను. ఆన్‌లైన్‌లో ఆ మూడింటిలో మనకి ఏది వస్తుందో ఎంచుకునే అవకాశం లేదు.

షాపు వెనక గదిలో పెల్లెట్లు ఆపే ఇనుప పెట్టె ఉంది. కుర్చీ మీద ఇసుక సంచి వేసి, రెండు రకాల పెల్లెట్లతో ఐదేసి కొట్టించాడు. దూరంగా పడ్డ రెండు చిల్లుల్ని బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి, పెల్లెట్ వ్యాసం 4.5 తీసేస్తే గ్రూపు, అంటే చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో, వస్తుంది. చవక పెల్లెట్లకి 12 మిల్లీమీటర్లు వచ్చింది. చదును తల ఉన్న మ్యాచ్ పెల్లెట్లకి 5 వచ్చింది. ఈ తేడా ఎంత పెద్దదో చూడండి. పది మీటర్ల టార్గెట్‌లో పదో నంబరు చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. పెల్లెట్ అంచు దానికి తగిలితే పది. అంటే పెల్లెట్ మధ్య భాగం చుక్క మధ్య నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడాలి. 5 మిల్లీమీటర్ల గ్రూపు సరిగ్గా అందులో ఇముడుతుంది. 12 మిల్లీమీటర్ల గ్రూపులో, పిల్ల గురి ఒక్క వెంట్రుక కూడా తప్పకపోయినా, ఎనిమిది పడుతుంది. తప్పు తనదే అనుకుని పిల్ల ఏడుస్తుంది.

షాపులో నచ్చనివీ ఉన్నాయి. ధర ఆన్‌లైన్ కంటే రెండు వేల పైచిలుకు ఎక్కువ, బేరం ఆడినా కొంచెమే దిగాడు. రెండు కంపెనీల సరుకు తప్ప మూడోది లేదు. స్కోపు పెట్టుకోమని కాసేపు పట్టుబట్టాడు. 10 మీటర్ల పోటీల్లో దుర్భిణి సైట్ ఒప్పుకోరు, కాబట్టి నేర్చుకునే పిల్లకి అది డబ్బు దండగ. ఆయన దగ్గర మ్యాచ్ పెల్లెట్లు కూడా ఒక్క రకమే ఉన్నాయి, తల కొలత 4.50 మాత్రమే. 4.49 కావాలంటే తెప్పిస్తానని చెప్పి తెప్పించలేదు. పెల్లెట్లు, టార్గెట్ కాగితాలు, శుభ్రం చేసే ఫెల్ట్ ముక్కలు మేమిప్పుడు ఆన్‌లైన్‌లోనే కొంటున్నాం. అక్కడ రకాలు ఎక్కువ, డబ్బా మీద తల కొలత స్పష్టంగా కనపడుతుంది, పాడైపోయే ప్రమాదమూ తక్కువ. ఈ విషయంలో ఆన్‌లైన్‌కే నా ఓటు.

ఆ రెండు వేల తేడా మాత్రం ఏడాది తిరగకుండానే వసూలైంది. మా అమ్మాయి రైఫిల్ పెల్లెట్లు కిందికి పడటం మొదలైంది. గొట్టం జాయింటు మీద పల్చటి టిష్యూ ముక్క పెట్టి పేలిస్తే అది ఎగిరింది, అంటే సీల్ దగ్గర గాలి పోతోంది. ఆన్‌లైన్ వాళ్లు మళ్లీ వీడియో అడిగారు. నేను రైఫిల్‌ని ఆబిడ్స్‌కే తీసుకెళ్లాను. తన దగ్గర కొనని రైఫిల్ అయినా పెద్దాయన కాదనలేదు. ఆయన మనిషి అక్కడే నా కళ్ల ముందు సీల్ మార్చాడు, స్ప్రింగ్ సంగతి కూడా చూశాడు. ఆ స్ప్రింగ్‌ని నొక్కిపట్టే ప్రెస్ లేకుండా ఇంట్లో విప్పొద్దు, ఎగిరితే ముఖం పగులుతుంది. ఇది లేత్ పని చేసేవాడిగా చెబుతున్నాను.

దగ్గర్లో షాపు లేని ఊళ్లవాళ్లకి ఆన్‌లైన్ తప్పదు. అప్పుడు డబ్బు కట్టేముందే అడగండి: వేగం ఏ పెల్లెట్‌తో కొలిచారు, బట్ పొడవు ఎంత నుంచి ఎంతకి తగ్గుతుంది, వెనక్కి పంపాల్సి వస్తే కొరియర్ ఎవరు ఏర్పాటు చేస్తారు. మూడోదానికి రాతలో జవాబు ఇవ్వనివాళ్ల దగ్గర కొనొద్దు. ఇంకాస్త ముందుకెళ్లి, క్లబ్బులో ఎవరో అమ్ముతున్న పాత విదేశీ మ్యాచ్ రైఫిల్ కొనేవాళ్లయితే, స్ప్రింగ్‌కి బదులు దానికుండే గాలి సిలిండర్ మీద అచ్చేసిన తేదీ చూడండి. పోటీల్లో పదేళ్లు దాటిన సిలిండర్‌ని అనుమతించరు, కొత్త సిలిండర్ ఖరీదు తక్కువేమీ కాదు.

బిల్లు మీద రైఫిల్ నంబరు ఉందో లేదో చూసుకోండి. షాపాయన అడగకుండానే రాసిచ్చాడు. ఆన్‌లైన్ బిల్లు మీద లేకపోతే మళ్లీ అడిగి రాయించుకున్నాం. గచ్చిబౌలి రేంజ్‌కి బస్సులో వెళ్లేటప్పుడు మా పిల్లలు రైఫిల్‌ని ఖాళీగా, కేసులో పెట్టి తీసుకెళ్తారు. ఆ బిల్లు జిరాక్స్, ఆధార్ కాపీ కేసు జేబులోనే ఉంటాయి.