మోడల్ నంబరు చివరి అక్షరం మీద స్టిక్కర్: స్టాక్ స్విచ్‌లు కొనేవారికి హెచ్చరిక

నిన్న రాత్రి విజయవాడ నుంచి తిరిగి వచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు. పాత నెట్‌వర్క్ సామగ్రి అమ్మే ఆ దుకాణం ఏదో ఈ పనిలో ఉన్నవారు ఊహించగలరు కనుక పేరు రాయడం లేదు.

గుంటూరు బ్రాడీపేటలోని మా కళాశాల ల్యాబ్ కోసం వాడిన సిస్కో క్యాటలిస్ట్ 2960-ఎక్స్ నెట్‌వర్క్ స్విచ్‌లు (కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పెట్టెలు) మూడు, వాటిని స్టాక్ చేసే, అంటే ఒకటిగా జతపరిచే మాడ్యూళ్లు, కేబుళ్లతో కలిపి 46,000 రూపాయలకు కొన్నాను. మూడూ కలిసి ఒకే స్విచ్‌గా, ఒకే ఐపీ అడ్రసుతో పనిచేయాలని ఫోనులో ఒకసారి, ఎదురుగా మరొకసారి చెప్పాను. "మూడూ స్టాక్ అవుతాయి సార్, పూచీ నాది" అన్నారు దుకాణదారు.

స్టాక్‌లో ఐఓఎస్ (సిస్కో స్విచ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వెర్షన్ అన్నింటిలోనూ ఒకటే ఉండాలి కనుక, కేబుళ్లు కలపకముందే ఒక్కొక్కదానికి కన్సోల్ కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలిపి, వెర్షన్, మోడల్ చూపే 'షో వెర్షన్' ఆదేశం ఇచ్చాను. మొదటి రెండింటి మోడల్ 24టీఎస్-ఎల్. మూడోది 24టీఎస్-ఎల్‌ఎల్. చివర ఆ ఒక్క అక్షరం ఎక్కువైతే అది ల్యాన్ లైట్ అనే, సదుపాయాలు తక్కువ ఉన్న రకం. దానికి స్టాక్ చేసే ఫ్లెక్స్‌స్టాక్-ప్లస్ సదుపాయమే లేదు, మాడ్యూలు కొన్నా ప్రయోజనం లేదు. స్విచ్‌ను తిప్పి చూస్తే, మోడల్ నంబరు ఉన్న చీటీ మీద దుకాణం వారి ఎర్రటి వారంటీ స్టిక్కర్ సరిగ్గా ఆ చివరి అక్షరాన్ని కప్పుతూ అతికించి ఉంది. గోటితో గీకితే కింద రెండో 'ఎల్' బయటపడింది. మిగిలిన రెండింటికీ ఆ స్టిక్కర్ పక్కన, ఖాళీ రేకు మీద ఉంది.

మర్నాడు స్విచ్‌ను మోసుకుని వెళ్లి ఇదంతా చూపించాను. దుకాణదారు దానివైపు చూడను కూడా లేదు. బిల్లు తిప్పి, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న వరుస మీద వేలు పెట్టి, "ల్యాబ్ ఇన్‌ఛార్జి అన్నారుగా, చదువుకున్నవారు చూసుకుని తీసుకోవద్దా?" అన్నారు. కొట్లో మరో నలుగురు కొనుగోలుదారులు ఉన్నారు. వారి ఎదుటే కుర్రాడిని పిలిచి, "ఈయన సరుకు బయట పెట్టు" అన్నారు. పూచీ నాది అన్న నోటితోనే ఆ మాట అనడం నాకు డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధ కలిగించింది.

నా తప్పు కూడా ఉంది. ఎల్ రకానికి ఎస్‌ఎఫ్‌పీ పోర్టులు (ఫైబర్ కేబుల్ మాడ్యూళ్లు పెట్టే గూళ్లు) నాలుగు, ఎల్‌ఎల్ రకానికి రెండే; బయటినుంచే లెక్కపెట్టవచ్చు. మొదటి రెండింటినీ పరిశీలించి, చీకటి పడుతోందన్న తొందరలో మూడోదీ అంతేనని నమ్మాను. అది కళాశాల డబ్బు. ప్రిన్సిపాల్ గారికి ఈ ఉదయమే ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ స్విచ్ ధర నా జీతంలో కోయమన్నాను.

కొనబోయేవారు ల్యాప్‌టాప్, కన్సోల్ కేబుల్ వెంట తీసుకువెళ్లి, కొట్లోనే ప్రతి స్విచ్‌నూ ఆన్ చేయించి మోడల్ నంబరు తెరమీద చదవండి. బిల్లులో కూడా ఆ నంబరు చివరి అక్షరం వరకు రాయించుకోండి; నా బిల్లులో "2960-ఎక్స్, 3" అని మాత్రమే ఉంది.