అహ్మదాబాద్ చెక్క ఇళ్ల పేటలు: గైడ్‌తో నడవాలా, సొంతంగా తిరగాలా?

అహ్మదాబాద్ వెళ్లిన మనవాళ్లు చాలామంది సబర్మతి ఆశ్రమం, రివర్‌ఫ్రంట్ చూసుకుని తిరుగు రైలెక్కేస్తారు. నదికి తూర్పున 1411లో అహ్మద్ షా కట్టించిన పాత నగరం ఉంది. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది దాన్నే. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం ఇదే. సుల్తానుల కాలం నాటి రాతి మసీదులు ఎంత ముఖ్యమో, వాటి మధ్య అల్లుకుపోయిన చెక్క ఇళ్ల పేటలూ అంతే ముఖ్యం. వాటిని అక్కడ పోల్ అంటారు. ఒకే కులంవాళ్లో, ఒకే వృత్తివాళ్లో, ఒకే మతంవాళ్లో ఒక ఇరుకు సందుకు రెండు వైపులా ఇళ్లు కట్టుకుని, సందు మొదట్లో పెద్ద గేటు పెట్టుకున్న పేట అది.

వీటిని చూడటానికి మూడు దారులున్నాయి: మున్సిపల్ కార్పొరేషన్ నడిపే ఉదయపు హెరిటేజ్ వాక్, రాత్రి పూట కొందరు నిర్వహించే నడక, లేదంటే మనంతట మనం తిరగడం. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఉదయపు నడకే మేలని నా గట్టి అభిప్రాయం.

కార్పొరేషన్ దీన్ని 1997 నుంచి నడుపుతోంది. ఉదయం కాలుపూర్ స్వామినారాయణ్ మందిరం దగ్గర మొదలై, పోళ్ల గుండా సాగి, 1424 నాటి జామా మసీదు దగ్గర ముగుస్తుంది. మొత్తం రెండు, రెండున్నర గంటలు పడుతుంది. 1822 నాటి ఆ మందిరంలో బర్మా టేకు మీద చెక్కిన స్తంభాలు, వాటి రంగులు చూస్తే ఆ రోజు ఏం చూడబోతున్నామో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత వచ్చేది కవి దళపత్‌రామ్ చౌక్. 19వ శతాబ్దపు ఆ గుజరాతీ కవి ఇల్లున్న చోట ఇప్పుడు ముఖభాగాన్ని మాత్రం మళ్లీ నిలబెట్టి, ముందు ఆయన లోహ విగ్రహాన్ని కూర్చోబెట్టారు.

గైడ్ ఎందుకు కావాలంటే, పోల్ ఇంటి గొప్పదనం సగం బయటికి కనిపించదు. వీధిలోంచి చూస్తే చెక్కిన దూలాలు, బ్రాకెట్లు, పైకి పోయేకొద్దీ ముందుకు వాలిన అంతస్తులు కనిపిస్తాయి. ఆ వాలు వల్లే సందులో నీడ పడుతుందని, ఎండాకాలంలో అదే ఆ ఇళ్లను కాపాడుతుందని ఎవరో ఒకరు చెబితేనే తెలుస్తుంది. లోపల మన మండువా లోగిలి లాంటి చౌక్ ఉంటుంది. దాని కింద టాంకా అనే నేలమాళిగ తొట్టె ఉంటుంది. డాబా మీద పడిన వాన నీరు గొట్టాల్లోంచి అందులోకి దిగుతుంది. ఏడాది పొడవునా తాగడానికి ఆ నీళ్లే వాడుకునేవారు. గోడల్లో ఇటుకల మధ్య అడ్డంగా, నిలువుగా కలప పట్టీలు బిగించడం ఇంకో విశేషం. 2001 జనవరి 26 భూకంపంలో నగరంలోని కొత్త కాంక్రీటు అపార్ట్‌మెంట్లు కొన్ని కూలిపోయాయి కానీ, ఇక్కడి చెక్క ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి. ఊపును కలప కొంత తనలోకి తీసుకుంటుంది, ఇటుక ఒక్కటే అలా వంగలేదు. ఈ సంగతి తెలిశాక ఒక్కో దూలాన్నీ ఆగి చూడాలనిపిస్తుంది.

సొంతంగా తిరిగేవాళ్లకు ఇంకో ఇబ్బంది, దారి. చాలా సందులు ఎవరి గుమ్మం ముందో ఆగిపోతాయి. ఒక పోల్ నుంచి పక్క పోల్‌లోకి దూరే చిన్న దారులు కూడా ఉన్నాయి, కొత్తవాళ్లకు అవి ఎవరింటి లోపలికో వెళ్తున్నట్టు అనిపించి వెనక్కి తిరుగుతారు. గైడ్ వెంట ఉంటే ఆ మొహమాటం ఉండదు. ఇవి జనం కాపురముంటున్న ఇళ్లు. తలుపు తెరిచి ఉంది కదా అని లోపలికి కెమెరా పెట్టడం తప్పు.

అలాగని గుంపుతో నడకలో లోపాలు లేకపోలేదు. గైడ్ తొందర గైడ్‌ది. దేరాసర్లు అనే జైన మందిరాల్లో చెక్కడాల ముందు అరగంట నిలబడాలనుకునేవాళ్లకు ఐదు నిమిషాలు చాలవు. హర్‌కువర్ శేఠానీ హవేలీ దగ్గరైతే నాకు మరీ బాధనిపిస్తుంది. చైనా శైలి ఛాయలున్న పెద్ద పెద్ద చెక్క బ్రాకెట్లు వరసగా ఉన్న భవనం అది. భర్త పోయాక 1848లో హఠీసింగ్ జైన మందిరాన్ని పూర్తి చేయించింది ఆవిడే. అంతటి ఇంటి ముందు నుంచి నాలుగు ముక్కలు చెప్పి దాటిపోతారు.

అందుకే వీలుంటే మర్నాడు ఒక్కరే మళ్లీ వెళ్లండి. ముందురోజు చూసిన దారి గుర్తుంటుంది, భయం ఉండదు, నచ్చిన చోట కూర్చోవచ్చు. పిట్టలకు గింజలు వేసే చబూత్రాలు, అరుగుల మీద కబుర్లు, ఫెర్నాండెజ్ బ్రిడ్జి కింద పుస్తకాల అంగళ్లు తీరిగ్గా చూడాల్సినవి. ఖాళీ అయిన ఇళ్లు, బీటలు వారిన దూలాలు కూడా అప్పుడే కంటపడతాయి. యజమానులు నదికి పడమటి వైపు వెళ్లిపోతుంటే, చెక్కిన తలుపులు, బ్రాకెట్లు పాత వస్తువుల వ్యాపారుల చేతికి పోతున్నాయి. వీటిని చూడాలనుకునేవాళ్లు ఇంకా పదేళ్లు ఆగుదాం అనుకోకూడదు.

రాత్రి నడకకు మూడో స్థానమే ఇస్తాను. దీపాల వెలుగులో పోళ్లు అందంగా ఉంటాయి, ఎండ బాధ ఉండదు, చివర్లో మాణెక్ చౌక్‌లో తిండికి లోటు లేదు. పగలు బంగారం కొట్లతో కిటకిటలాడే ఆ చౌక్, రాత్రయ్యాక తినుబండారాల బజారుగా మారిపోతుంది. కానీ చెక్కడం పని చూడటానికి ఆ వెలుగు చాలదు. పగలు ఒకసారి నడిచినవాళ్లకే అది బాగుంటుంది. చిన్నపిల్లలతో, మండే ఎండాకాలంలో వెళ్లేవాళ్లు మాత్రం దీన్ని ముందుకు తెచ్చుకోవచ్చు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే ఈ మూడూ కాకుండా, మీ కుటుంబానికే విడిగా ఒక గైడ్‌ను మాట్లాడుకోండి. ఖర్చు ఎక్కువే, కానీ అమ్మమ్మ ఆగినప్పుడు ఆయనా ఆగుతాడు. గుళ్ల దగ్గర, మసీదు దగ్గర చెప్పులు విప్పాల్సి వస్తూనే ఉంటుంది కాబట్టి లేసులున్న బూట్లు వద్దు. జైన మందిరాల్లోకి తోలు బెల్టు, తోలు పర్సు తీసుకెళ్లకండి. సంక్రాంతికి వెళ్తే పోళ్లన్నీ గాలిపటాలతో డాబాల మీదే ఉంటాయి. ఆ రెండు రోజులూ నడక మానేసి, ఎవరిదైనా డాబా అద్దెకు దొరుకుతుందేమో చూసుకోండి.