పచ్చళ్ళ కొట్టు: మూడేళ్ళు యాప్‌తో, ఆ తర్వాత వెబ్‌సైటుతో

"అక్కా, మాగాయ లింకు పంపండి" అని ఎవరైనా మెసేజ్ పెడితే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. యాప్ నడిపిన మూడేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు. అప్పుడు వినేది ఇంకో మాట: "యాప్ వేసుకోవాలా? ఫోన్లో చోటు లేదమ్మా. నువ్వే రాసుకో, ఆవకాయ రెండు కిలోలు, గోంగూర కిలో."

మాది తెనాలి. ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు పెట్టి అమ్ముతాం. కొలతలు మా అత్తయ్యగారివి, లెక్కలు నావి, పార్సిళ్ళు మా వారివి. 2020 లాక్‌డౌన్‌లో ఫోన్ ఆర్డర్లు రాసుకోలేక సతమతమై, ఆ ఏడాది చివర్లో అరవై అయిదు వేలు పెట్టి ఆండ్రాయిడ్ యాప్ చేయించాం. 2023 చివర్లో దాన్ని పక్కనబెట్టి, ఫోన్లో తెరుచుకునే మామూలు వెబ్‌సైటుకు మారాం. యాప్ అంటే ఏమిటి, వెబ్‌సైటు అంటే ఏమిటి అన్న పాఠం ఇక్కడ చెప్పను. రెండూ వాడాక నాకు తేలిందేమిటో అదే చెబుతాను.

యాప్ చెడ్డదని అనను. చూడ్డానికి బాగుండేది, చకచకా కదిలేది. పాత అడ్రసు, పాత ఆర్డరు గుర్తుపెట్టుకునేది. ఇబ్బందల్లా మా సరుకుతోనే. పచ్చడి ఎవరూ వారం వారం కొనరు. టెంక గట్టిపడిన కాయ దిగే మే నెలలో ఆవకాయ, మాగాయ. కార్తీకం దాటాక ఉసిరికాయ. ఏడాదికి రెండు, మహా అయితే మూడుసార్లు. ఆ మధ్య నెలల్లో ఫోన్ నిండిపోతుంది, ఏదో ఒకటి తీసెయ్యాలి. రోజూ వాడేవాటిని ఎవరు తీసేస్తారు? మనదే పోతుంది.

తీసెయ్యకపోయినా లాభం లేదని తర్వాత తెలిసింది. నెలల తరబడి తెరవని యాప్‌ను కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు వాటంతటవే నిద్రపుచ్చుతాయి. ఇక నోటిఫికేషన్ చేరదు. ఆండ్రాయిడ్ 13 వచ్చాక నోటిఫికేషన్ పంపడానికే ముందు అనుమతి అడగాలి, చాలామంది చూడకుండానే వద్దని నొక్కేస్తారు. "కొత్తావకాయ కలిపాం" అన్న కబురు ఏడాదంతటికీ ఒక్కసారి పంపేది. అది చేరాల్సిన రోజున సగం ఫోన్లకు చేరకపోతే ఇక ఆ యాప్ దేనికి?

పైగా మావాళ్ళలో అమెరికా నుంచి ఆర్డరు పెట్టేవాళ్ళలో ఎక్కువమందివి ఐఫోన్లు. ఆపిల్ స్టోర్లో యాప్ ఉంచాలంటే ఏటా 99 డాలర్లు కట్టాలి. ఆండ్రాయిడ్‌కైతే 25 డాలర్లు ఒక్కసారి కడితే సరిపోతుంది. ఐఫోన్‌కు వేరే యాప్ చేయించే స్తోమత మాకు లేకపోయింది. అంటే ఎక్కువ డబ్బు పెట్టి, ఎక్కువ కిలోలు కొనేవాళ్ళకే మా కొట్టు తలుపు మూసి ఉంది. వెబ్‌సైటు వచ్చాక ఆ సమస్యే లేదు. ఏ ఫోన్లోనైనా తెరుచుకుంటుంది.

నేను మాత్రం ఊహించని మేలు ఇంకొకటి జరిగింది.

వెబ్‌సైటు కట్టేటప్పుడు ఒక్కో పచ్చడికి ఒక్కో పేజీ పెట్టమని చేసే కుర్రాడు సలహా ఇచ్చాడు. బాగా అమ్ముడయ్యేవి పది రాసిస్తే చాలనుకున్నాను. మా అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "పెసరావకాయ కూడా పెట్టు" అన్నారు. ఆవపిండికి బదులు పెసరపిండి కలిపే ఆవకాయ అది. ఆవ వేడి చేస్తుందనుకునేవాళ్ళకు, ఒంట్లో బాగోలేనివాళ్ళకు మా ఇళ్ళల్లో అదే పెడతారు. కొనేవాళ్ళు తక్కువ, ఎక్కువ రోజులు నిలవ ఉండదు కూడా. ఆవిడ మాట కాదనలేక, ఆవిడ చెప్తుంటే నాలుగు పేరాలు తెలుగులోనే రాశాను: ఎవరికి పెడతారు, ఎన్నాళ్ళు ఉంటుంది, అన్నంలోకి ఎలా బాగుంటుంది, ఇవే.

నెలన్నర తర్వాత మైసూరు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీరు ఇంకా పెసరావకాయ పెడుతున్నారా?" అని గొంతు తడబడుతూ అడిగారు. చిన్నప్పుడు వాళ్ళమ్మగారు పెట్టేవారట. మనవరాలు ఫోన్లో తెలుగు అక్షరాలతో వెతికి పెడితే మా పేజీ కనబడిందట. అత్తయ్యగారికి ఫోన్ ఇచ్చాను. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు, ఉప్పు ఎంత, పిండి వేయించి పట్టాలా పచ్చిదే పట్టాలా అని. మామూలుగా అరకిలో కలిపేది ఆ ఏడాది పది కిలోలు దాకా కలిపాం. యాప్‌లో కూడా ఆ పచ్చడి పేరు ఉండేది. కానీ యాప్ లోపల రాసిపెట్టింది బయట వెతికేవాళ్ళకు కనబడదు కదా! అది మనం తాళం వేసుకున్న గదిలాంటిది.

ఆ తర్వాత ప్రతి పేజీ అత్తయ్యగారి చేత చెప్పించి మళ్ళీ రాశాను. మాగాయని కొందరు మాగాయి అంటారు, రెండూ రాశాను. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసేవాళ్ళ కోసం ఆ స్పెల్లింగులూ పెట్టాను. ఇక ఒకరికి పంపిన లింకు వాళ్ళ అక్కచెల్లెళ్ళ గ్రూపులోకి, అక్కడి నుంచి తోటికోడళ్ళ గ్రూపులోకి వెళ్ళిపోతుంది. నొక్కితే నేరుగా ఆ సీసా ముందుకే వస్తారు.

ఇదంతా చూసి కిందటేడు మా వీధిలో ముగ్గురికి "కళ్ళు మూసుకుని వెబ్‌సైటు పెట్టండి" అని చెప్పాను. ఈ ఏడాది మే తర్వాత ఆ మాట అంత గట్టిగా చెప్పలేకపోతున్నాను.

ఏం జరిగిందంటే, ఈసారి మా ఆడపడుచు కూతురు వచ్చి ఆవకాయ కలిపే వీడియోలు తీసి రీళ్ళుగా పెట్టింది. ముక్కలు కొట్టడం, ఎర్రటి కారంలో పప్పునూనె పొయ్యడం. జనం బాగా చూశారు. కింద మా వెబ్‌సైటు లింకు పెట్టాం. రోజూ పొద్దున్నే చూస్తే ఆర్డర్లు కుప్పలుగా ఉన్నాయి. తెరిచి చూస్తే దాదాపు ప్రతిదానికీ ఎదురుగా "చెల్లింపు పెండింగ్". అడ్రసు రాశారు, ఫోన్ నంబరు ఇచ్చారు, డబ్బు కట్టే దగ్గర ఆగిపోయారు.

నాకు తోచిందేమిటంటే ధర ఎక్కువైందని. ఈసారి నూనె ధర పెరిగి కిలోకు కొంచెం పెంచాం. అది చూసి వెనక్కి తగ్గుతున్నారనుకుని కిలోకు 30 రూపాయలు తగ్గించాను. అయినా అంతే. మూడు వారాలు గడిచాయి. ఆవకాయ సీజనే ఆరు వారాలు, అందులో సగం అది!

కనిపెట్టింది మా తోటికోడలు. హైదరాబాద్ నుంచి వచ్చి, నా పక్కనే కూర్చుని రీలు చూస్తూ "నేనూ ఒక ఆర్డరు పెడతా అక్కా" అని లింకు నొక్కింది. అన్నీ నింపి యూపీఐ బటన్ నొక్కింది. ఏమీ కదల్లేదు. మళ్ళీ నొక్కింది. "మీ సైటు పాడైందా అక్కా?" అంది. నా ఫోన్లో అదే పేజీ తెరిస్తే శుభ్రంగా పని చేస్తోంది. అదే లింకు నేను వాట్సాప్‌లో పంపి అక్కడ నుంచి తెరవమన్నాను. బటన్ నొక్కగానే ఫోన్లో ఉన్న పేమెంట్ యాప్‌లన్నీ వరుసగా వచ్చాయి. డబ్బు పడింది.

సంగతి ఇది. రీళ్ళు చూసే ఆ యాప్ లింకును, ఫోన్లో మామూలుగా వెబ్‌సైట్లు తెరిచే క్రోమ్‌ బ్రౌజరుకు ఇవ్వదు, తన కడుపులోనే ఉన్న ఒక చిన్న బ్రౌజరులో తెరుస్తుంది. చూడ్డానికి తేడా తెలియదు. కానీ యూపీఐ బటన్ పని చెయ్యాలంటే పేజీ నుంచి బయటికి వచ్చి పేమెంట్ యాప్‌ను పిలవాలి. ఆ లోపలి బ్రౌజరు ఆ పిలుపును బయటికి పోనివ్వలేదు. తప్పు జరిగిందని కూడా చెప్పదు. కొనేవాళ్ళకు మేమే మోసగాళ్ళలా కనబడి ఉంటాం. ఆ మూడు వారాల్లో అడ్రసులిచ్చిన వాళ్ళందరికీ నేనూ మా వారూ కూర్చుని ఫోన్లు చేశాం. కొందరు మళ్ళీ పెట్టారు. చాలామంది అప్పటికే వేరేచోట కొనేసుకున్నారు. మంట నాకు డబ్బు గురించి కాదు. ధర తగ్గించి, మా పచ్చడి మీద నాకే అనుమానం వచ్చింది కదా, అది.

ఇప్పుడు సర్దాం. ఆ లోపలి బ్రౌజరులో తెరిస్తే పేజీ పైన పెద్ద అక్షరాలతో "మూడు చుక్కలు నొక్కి క్రోమ్‌లో తెరవండి" అని వస్తుంది. యూపీఐ ఐడీని కాపీ చేసుకునే బటన్ పెట్టాం. ఇంతకుముందు ఉన్న క్యూఆర్ కోడ్ ఉత్తదే, అదే ఫోన్లో చూస్తూ అదే ఫోన్‌తో ఎలా స్కాన్ చేస్తారు? కింద "వాట్సాప్‌లో ఆర్డరు చెప్పండి" అని ఇంకొకటి. ఆర్డర్లు కదులుతున్నాయి. కానీ నిజం ఒప్పుకోవాలి: యాప్ ఉన్న మూడేళ్ళలో డబ్బు కట్టే దగ్గర ఇలా ఒక్కసారి కూడా ఆగలేదు. యాప్ నుంచి పేమెంట్ యాప్‌కు దారి సూటిగా ఉంటుంది. వెబ్‌సైటు ఏ బ్రౌజరులో తెరుచుకుంటుందో దాని చేతిలో ఉండదు.

ఇంకో పొగడ్తను కూడా కొంచెం తగ్గించుకోవాలి. వెబ్‌సైటును ఫోన్ హోమ్‌స్క్రీన్ మీద గుర్తులా పెట్టుకోవచ్చు, యాప్ ఉన్నట్టే ఉంటుంది అని నేనే అందరికీ చెప్పాను. పెట్టుకోవచ్చు, నిజమే. పెట్టుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఐఫోన్లో అయితే అలా పెట్టుకుంటేనే వెబ్‌సైటు నోటిఫికేషన్ వస్తుంది, అది కూడా 2023లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ (ఐఓఎస్) 16.4 వెర్షన్ నుంచే. కాబట్టి కబురు పంపడానికి నేను మళ్ళీ వాట్సాప్‌కే వచ్చాను. ఫొటోలు మొదట్లో బరువుగా పెట్టడం వల్ల పల్లెల్లో పేజీ తెరుచుకునేది కాదు. అవి చిన్నవి చేయించాక బాగైంది.

ఎవరికి ఏది మంచిదని నన్నడిగితే సరుకును బట్టి అంటాను. మా తమ్ముడు విజయవాడలో ఇంటింటికీ పాలు వేస్తాడు. వాళ్ళకు యాప్ ఉంది, ఉండాలి కూడా. రేపు పాలు వద్దని రాత్రి పదింటికి నొక్కాలి, ముందుగా వేసిన డబ్బులో ఎంత మిగిలిందో రోజూ చూసుకోవాలి. రోజూ తెరిచే యాప్‌ను ఎవరూ తీసెయ్యరు. వాడికి నా సలహా చెబితే నష్టపోతాడు. నాలాగా ఏడాదికి రెండుసార్లు అమ్మేవాళ్ళు, సరుకు పేరు పట్టుకుని జనం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు అయితే వెబ్‌సైటే అనిపిస్తోంది. మాకు యాప్‌ను ఏటా కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు సర్దించే మనిషి దొరకడం కూడా కష్టమే, అదొకటి.

కందిపొడి, కారప్పొడి మాత్రం నెలనెలా తీసుకునే ఇళ్ళు నలభై దాకా ఉన్నాయి. వాళ్ళలో కొందరు పాత యాపే బాగుండేదమ్మా అంటున్నారు, పాత ఆర్డరు ఒక్క నొక్కుతో మళ్ళీ పెట్టుకునేవాళ్ళమని. ఆ బటన్ వెబ్‌సైటులో పెట్టించడం ఈ దీపావళిలోపు పని. స్టోర్లో యాప్ ఖాతా ఇంకా మూయలేదు.