ఫ్లైట్‌రాడార్24 సమీక్ష: కర్నూలు ఆకాశంలో ఈ యాప్ చూడగలిగినవి, చూడలేనివి

ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైన తరువాత, కర్నూలులో నాకు తెలిసినవారు చాలామంది, ఎగురుతున్న విమానాలను పటం మీద చూపే ఫ్లైట్‌రాడార్24 యాప్‌ను ఫోన్లలో పెట్టుకున్నారు. ఊరికి వస్తున్న బంధువుల విమానం ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి ఇంతకంటే సులువైన సాధనం నాకు కనిపించలేదు. డబ్బు కట్టకుండానే గత వారం రోజుల ప్రయాణాలను మళ్ళీ చూడవచ్చు. ఫోన్ కెమెరాను ఆకాశం వైపు పెడితే పైన పోతున్నది ఏ విమానమో చెబుతుంది. ఈ పనుల వరకు నాకు ఏ అభ్యంతరమూ లేదు. అయితే డ్రోన్లు, పారామోటార్లు (వీపున ఇంజిన్ కట్టుకుని పారాచూట్ లాంటి రెక్కతో ఎగిరేవి), తేలికపాటి చిన్న విమానాలు సరదాకు ఎగరేసేవారిలో కొందరు ఈ యాప్ తెరిచి, దగ్గర్లో ఏ విమానమూ లేదు కాబట్టి ఎగరవచ్చని నిర్ణయించుకుంటున్నారు. ఈ సమీక్ష ముఖ్యంగా వారి కోసం.

ఈ సేవను 2006లో స్వీడన్‌కు చెందిన ఇద్దరు విమానాభిమానులు ప్రారంభించారు. విమానంలోని ట్రాన్స్‌పాండర్ అనే రేడియో పరికరం విమానపు స్థానాన్ని, ఎత్తును 1090 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం చేస్తుంది. నేల మీద ఔత్సాహికులు పెట్టుకున్న రిసీవర్లు దాన్ని అందుకుని పంపితే మన తెర మీద పసుపు బొమ్మ కదులుతుంది. ఆ తరంగాలు సూటిగా ప్రయాణిస్తాయి. అందువల్ల 35,000 అడుగుల ఎత్తున పోయే విమానం వందల కిలోమీటర్ల దూరంలోని రిసీవర్‌కు కూడా అందుతుంది గానీ, రన్‌వే కోసం కిందికి దిగుతున్న ఏటీఆర్ (కర్నూలుకు వచ్చే చిన్న ప్రయాణికుల విమానం) దగ్గర్లో రిసీవర్ లేకపోతే సరిగ్గా అవసరమైన ఎత్తులోనే తెర మీద నుంచి తప్పిపోవచ్చు. అప్పుడు యాప్ కొంతసేపు అంచనా స్థానాన్ని చూపుతుంది. అది అంచనా అన్న సంగతి కొత్తవారు గమనించరు. తెర మీది ఎత్తు కూడా నేల నుంచి కొలిచింది కాదు. అది 1013.25 హెక్టోపాస్కల్ ప్రామాణిక పీడనాన్ని బట్టి లెక్కించినది, కర్నూలు నేలే సముద్ర మట్టానికి దాదాపు 900 అడుగుల ఎత్తున ఉంది. ఇక ట్రాన్స్‌పాండర్ లేని పారామోటార్‌ను ఎన్ని రిసీవర్లు పెట్టినా ఈ పద్ధతిలో చూపడం సాధ్యం కాదు. ఈ పటం, తమ పేరు తామే చెప్పి లోపలికి వచ్చినవారి హాజరు పట్టీ మాత్రమే.

ప్రయాణికుల విమానంలోని ఢీ నివారణ పరికరం టీకాస్‌కు కూడా ఇదే పరిమితి ఉంది కాబట్టి ఈ విషయాన్ని ఇంతగా చెబుతున్నాను. టీకాస్ ఎదుటి విమానపు ట్రాన్స్‌పాండర్‌ను ప్రశ్నించి, వచ్చిన జవాబును బట్టి పైకి వెళ్ళమనో కిందికి దిగమనో పైలట్‌కు ఆదేశమిస్తుంది. ఎదుటిది ఎత్తు చెప్పకపోతే హెచ్చరిక మాత్రమే ఇవ్వగలదు, ట్రాన్స్‌పాండరే లేకపోతే ఏమీ చెప్పలేదు. 1986 ఆగస్టు 31న లాస్ ఏంజెలెస్ దగ్గర సెరిటోస్ పట్టణం మీద ఒక చిన్న పైపర్ విమానం అనుమతి లేకుండా నియంత్రిత గగనతలంలోకి వచ్చి ఏరోమెక్సికో సంస్థ ప్రయాణికుల విమానం డీసీ-9ను ఢీకొన్నప్పుడు నేల మీది వారితో కలిపి 82 మంది మరణించారు. ఆ పైపర్ తన ఎత్తును ప్రసారం చేయడం లేదు, డీసీ-9లో టీకాస్ లేదు. పెద్ద విమానాలకు టీకాస్ తప్పనిసరి చేస్తూ అమెరికా 1987లో చట్టం చేయడానికి ఈ దుర్ఘటన కారణమైంది. మన దేశంలో 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయిన తరువాత ఇలాంటి పరికరం తప్పనిసరి అయింది. అక్కడ ఢీకొన్నవి రెండూ పెద్ద విమానాలే.

పరికరాలు చూడలేనప్పుడు పైలట్ కళ్ళే మిగులుతాయి. దిగే సమయంలో ఏటీఆర్ నిమిషానికి సుమారు మూడున్నర కిలోమీటర్లు ముందుకు వస్తుంది. ఢీకొనే దారిలో ఉన్న వస్తువు అద్దం మీద పక్కకు కదలదు, ఒకేచోట చిన్న చుక్కలా ఉండి చివరి క్షణాల్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. కదలని చుక్కను మన కన్ను సులువుగా పట్టుకోలేదు. 1978లో శాన్‌డియాగోలో పీఎస్‌ఏ సంస్థ ప్రయాణికుల విమాన సిబ్బందికి, నేల మీది విమాన నియంత్రణ కేంద్రం (ఏటీసీ) దగ్గర్లోని సెస్నా అనే చిన్న విమానం గురించి ముందే చెప్పింది. అయినా వారు దాన్ని చూపు నుంచి తప్పిపోనిచ్చారు, రెండూ ఢీకొని 144 మంది చనిపోయారు.

ఓర్వకల్లు రాక్ గార్డెన్స్‌కు వచ్చి డ్రోన్ ఎగరేయాలనుకునేవారు ఈ యాప్‌ను కాక, డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటాన్ని చూడాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయ సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయరాదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు, ఆ ఆవల ఇతర నిషేధాలు లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు. రాక్ గార్డెన్స్ విమానాశ్రయానికి దగ్గర్లోనే ఉన్నాయి. రోజుకు కొద్ది విమానాలే వస్తాయి కదా అనే మాట ఇక్కడ తరచుగా వింటాను, అది నాకు చాలా ఆందోళన కలిగిస్తుంది. ఆ కొద్ది విమానాల్లో ఒక్కొక్కదానిలో 78 సీట్లుంటాయి. గండికోట లోయ మీద పారామోటార్‌లో తిరగాలనుకునేవారు కూడా నిర్వాహకుణ్ణి అనుమతి పత్రం చూపమని అడగాలి. యాప్ తెర చూపి ఆకాశం ఖాళీగా ఉందని చెప్పే నిర్వాహకుణ్ణి నమ్మవద్దు.

ఇంటివారి రాకపోకలు చూసుకోవడానికి ఉచిత రూపమే చాలు. విమానయానం మీద ఆసక్తి ఉన్న విద్యార్థులకు 90 రోజుల పాత ప్రయాణాలు చూపే సిల్వర్ చందా పనికొస్తుంది. డ్రోన్ గానీ పారామోటార్ గానీ ఎగరేసేవారు, ఆ పనికి ఉపయోగపడుతుందన్న ఆశతో దీనికి డబ్బు కట్టనవసరం లేదు.