ఫార్మసీ కౌంటర్‌కు పనికొచ్చే సబ్‌జంక్టివ్: హ్యూస్టన్‌లో ఒక సాయంత్రపు స్పానిష్ కోర్సు

మా ప్రాంతంలోని ఒక కమ్యూనిటీ కాలేజీ నర్సులకూ ఫార్మసిస్టులకూ సాయంత్రాలు నడిపే స్పానిష్ కోర్సులో రెండో భాగం ఈ మధ్యే పూర్తి చేశాను. వర్తమాన సబ్‌జంక్టివ్ (కోరిక, సందేహం, ఇంకా జరగని పని లాంటివి చెప్పేటప్పుడు క్రియ తీసుకునే వేరే రూపం) మొత్తం ఇందులోనే చెబుతారు. స్పానిష్ మొదలుపెట్టిన మనవాళ్లు చాలామంది సరిగ్గా అక్కడే వదిలేస్తున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

హ్యూస్టన్‌లో మందుల కౌంటర్ దగ్గర నిలబడితే సబ్‌జంక్టివ్ లేకుండా పూట గడవదు. ఎదుటివారిని మర్యాదగా ‘వేసుకోండి’, ‘ఆగండి’ అనాలంటే ‘తోమె’, ‘ఎస్పేరె’ అంటాం. ఆ రెండూ సబ్‌జంక్టివ్ రూపాలే. మా టీచర్ మెక్సికోలోని మోంతెరే నుంచి వచ్చిన ఆవిడ. పట్టికల జోలికి పోకుండా మొదటి తరగతిలోనే ఒక యాంటిబయాటిక్ డబ్బా చేతికిచ్చి, రోగికి చెప్పినట్టు చెప్పమన్నారు. అందరం ‘తోమె’ అన్నాం. వెంటనే దాని ముందు ‘ఎస్ ఇంపొర్తాంతె కె’ చేర్చి ‘వేసుకోవడం ముఖ్యం’ అనే వాక్యం చేయించారు. క్రియ మారలేదు. సగం పాఠం అప్పటికే మా నోట్లో ఉందని అర్థమయ్యాక తరగతిలో భయం పోయింది.

రూపాలు కట్టే పద్ధతి కూడా శుభ్రంగా చెప్పారు. ‘నేను’తో వచ్చే వర్తమాన రూపం తీసుకుని చివరి ‘ఓ’ తీసేయాలి. మూలరూపం ‘ఆర్’తో ముగిసే క్రియలకు ‘ఎ’ చేర్చాలి, ‘ఎర్’, ‘ఇర్’తో ముగిసేవాటికి ‘అ’ చేర్చాలి. అలా ‘తెంగో’ (నాకు ఉంది) ‘తెంగ’ అవుతుంది, ‘సాల్గో’ (బయటికి వెళ్తాను) ‘సాల్గ’ అవుతుంది. ‘నేను’ రూపం ‘ఓ’తో ముగియని క్రియలు ఆరు. వాటి సబ్‌జంక్టివ్ రూపాలు సెయ, ఎస్తె, బాయ, దె, సెప, ఆయ. వీటిని కంఠస్థం చేయాల్సిందే, దగ్గరి దారి లేదు.

నాకు అన్నిటికన్నా విలువైనది ‘క్వాందో’ (‘అప్పుడు’ అనే అర్థం) పాఠం. రోగి వివరాలు తీసుకుంటూ ‘తలనొప్పి వచ్చినప్పుడు ఏం వేసుకుంటారు?’ అని అడిగితే ‘క్వాందో లె దువేలె’. అది ఆయనకు మామూలుగా జరిగే విషయం. మాత్ర చేతికిచ్చి ‘నొప్పి వచ్చినప్పుడు ఒకటి వేసుకోండి’ అంటే ‘క్వాందో లె దువేల’. ఆ నొప్పి ఇంకా రాలేదు. తెలుగులో రెండుచోట్లా ‘వచ్చినప్పుడు’ అనే అంటాం కాబట్టి ఆ చివరి అచ్చు మన చెవికి ఆనదు. టీచర్ ఒక్కొక్కరినీ రోగిగా కూర్చోబెట్టి, రెండు ప్రశ్నలూ కలిపి కురిపించి, చెవి పట్టుకునేదాకా వదల్లేదు. ‘యాంటిబయాటిక్ అయిపోయేవరకూ’ అనడానికి ‘ఆస్త కె సె తెర్మీనె’ కూడా అదే కోవలోకి వస్తుంది. మందు సగంలో మానేసేవాళ్లకు రోజూ చెప్పాల్సిన మాట అది.

పాఠ్యపుస్తకం మాత్రం నాకు నచ్చలేదు. అమెరికా తరగతుల్లో బాగా వాడే ‘వియర్డో’ సూత్రం (సబ్‌జంక్టివ్ వచ్చే సందర్భాల ఇంగ్లిష్ మొదటి అక్షరాలు కలిపి చేసిన గుర్తు మాట) మీదే అంతా నడిపారు. కోరిక, ఉద్వేగం, సిఫారసు, సందేహం లాంటివి గుర్తుపెట్టుకోవడానికి అది మంచిదే. కానీ ‘క్వాందో’, ‘ఆస్త కె’ (వరకూ), ‘పార కె’ (అయ్యేలా) ఆ సూత్రంలోకి రావు. వైద్యరంగంలో పనిచేసేవాళ్లకు ముందు కావాల్సినవి అవే. టీచర్ సొంతంగా రాసిచ్చిన కాగితాలు లేకపోతే ఈ కోర్సును ఇంతగా మెచ్చుకునేదాన్ని కాదు. ఆడియో పాఠాల్లో స్పెయిన్‌లో వాడే ‘బొసోత్రోస్’ (‘మీరంతా’) రూపాలకు చాలా చోటిచ్చారు. మెక్సికో, మధ్య అమెరికా కుటుంబాలతో మాట్లాడే మాకు వాటి అవసరం రాదు. ‘బండి నడపకండి’ అని మందు చీటీ మీద ‘నో కొందూస్క’ ఉంటుంది, మా దగ్గరికి వచ్చేవాళ్లు ‘నో మనేహె’ అంటారు. ఇలాంటివి టీచర్ నోటే విన్నాం. ‘దొర్మీర్’ (నిద్రపోవడం) నుంచి ‘దువేర్మ’, ‘దుర్మామొస్’ అని అచ్చు మారే క్రియలను మాత్రం ఒకే సాయంత్రంలో పరుగులు పెట్టించారు. వాటికి ఇంకో తరగతి ఇవ్వాలి.

మామూలు వర్తమాన కాలం గడగడా రానివాళ్లు ఈ భాగంలో చేరవద్దు. ‘తెంగో’ దగ్గర తడబడితే ‘తెంగ’ రాదు. అది వచ్చినవాళ్లు నిస్సంకోచంగా చేరండి. ప్రైవేటు ట్యూషన్ కన్నా ఫీజు బాగా తక్కువ. ఆన్‌లైన్ బ్యాచ్ కూడా ఉంది కానీ, అందులో రోగిగా నటించే అభ్యాసం ఉండదు. నేరుగా తరగతికి వెళ్లే బ్యాచ్‌లోనే పేరు ఇవ్వండి.