బడ్జెట్ హియరింగ్‌లో మాట్లాడాలా, మన ప్రతినిధిని కలవాలా?

అమెరికాలో 46 రాష్ట్రాల ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. కాబట్టి ఎదుగుదల వైకల్యం (ఆటిజం, డౌన్ సిండ్రోమ్ లాంటివి) ఉన్నవారి సేవలకు కోత పడుతుందా లేదా అన్నది చాలాచోట్ల వసంతంలోనే తేలిపోతుంది. మెడికెయిడ్‌లో, అంటే తక్కువ ఆదాయం లేదా వైకల్యం ఉన్నవారికి కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే ఆరోగ్య బీమాలో, ఇంటి దగ్గర అందే సేవలు రాష్ట్రాలకు చాలావరకు ఐచ్ఛికం, నర్సింగ్ హోమ్ (ఎక్కువ కాలం ఉంచుకుని చూసుకునే సంరక్షణ కేంద్రం) మాత్రం తప్పనిసరి. అందుకే కత్తెర ముందు పడేది ఇంటి దగ్గరి సేవల మీదే. దాన్ని ఆపమని అడగడానికి రెండు దారులు: రాష్ట్ర చట్టసభ కమిటీ జనం మాట వినే బడ్జెట్ హియరింగ్, లేదా ఆ సభలోని మన ప్రతినిధి ఆఫీసు.

ఖర్చు: హియరింగ్‌కి రాజధాని దాకా ప్రయాణం, ఒక రోజు సెలవు, పిల్లల్ని చూసుకునే మనిషి. ప్రతినిధిని కలవడానికి నియోజకవర్గ ఆఫీసు చాలు.

సమయం: హియరింగ్‌లో గంటల నిరీక్షణ, మాట్లాడేది రెండు మూడు నిమిషాలు. ఆఫీసులో ఎక్కువసేపు దొరకొచ్చు, కానీ తరచుగా ఎదురుగా కూర్చునేది సహాయకులే. దాన్ని చిన్నచూపు చూడకండి, ఫైలు చదివేది వాళ్లే.

రిస్క్: హియరింగ్‌లో చెప్పింది రికార్డుకెక్కుతుంది, ఇంటి గుట్టు కూడా. ఆఫీసులో చెప్పింది నోట్సులోనే ఆగిపోవచ్చు.

ఎక్కడైనా పనికొచ్చే లెక్క ఒకటుంది. మెడికెయిడ్ సేవల ఖర్చులో కేంద్రం కనీసం సగం భరిస్తుంది. అంటే రాష్ట్రం ఒక డాలరు కోస్తే, కనీసం ఇంకో డాలరు కేంద్రం నుంచి రాకుండా పోతుంది.

కోత ప్రతిపాదన ఇప్పటికే కమిటీ ముందుంటే హియరింగ్‌కే వెళ్లండి. బడ్జెట్ ఇంకా తయారవుతుంటే, లేదా మీ ప్రతినిధి ఆ కమిటీ సభ్యులైతే, ముందు ఆఫీసుకి. టెన్షన్‌తో మాట రాదనుకుంటే రాసిస్తే సరి. చాలా కమిటీలు తీసుకుంటాయి.