వేరుకుళ్లు వచ్చిన మొక్క: వేర్లు కోసి మళ్లీ నాటాలా, కొమ్మ తీసుకోవాలా?

మట్టి తడిగా ఉన్నా ఆకులు వాడిపోతుంటే ఇంకా నీళ్లు పోయకండి, మొక్కను కుండీలోంచి తీసి వేర్లు చూడండి. గట్టిగా ఉన్నవి బతికున్నట్టే. గోధుమరంగులోకి మారి, మెత్తబడి, చేతివేళ్లతో లాగితే పైతొక్క ఊడొచ్చి లోపల దారంలాంటి పోగు మాత్రమే మిగిలితే ఆ వేరు పోయినట్టే.

సగానికి పైగా బాగుంటే నా ఓటు మళ్లీ నాటడానికే. కుళ్లినవి శుభ్రమైన కత్తెరతో కోసేసి, పాత మట్టి పారేసి, పెర్లైట్ (నీరు నిలవకుండా మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లటి గుళికలు) కలిపిన కొత్త మట్టిలో పెట్టండి, మొక్క సైజు దక్కుతుంది. కుండీ మాత్రం పెద్దది వద్దు, మిగిలిన కొద్దిపాటి వేర్లు అంత తడిని పీల్చుకోలేవు, తెగులు మళ్లీ తిరగబెడుతుంది.

కుళ్లు కాండందాకా పాకితే ఆ తంటా అనవసరం. మనీప్లాంట్ లాంటివైతే మచ్చలేని కొమ్మను కణుపుతో సహా కోసి నీళ్లలో పెట్టండి. కణుపు లేకపోతే కొత్త తీగ రాదు.